పరమ పీడనమా, సంపూర్ణ పీడనమా?

సందేహం: 'సంపూర్ణ పీడనానికి జాతీయ ప్రమాణాల అభివృద్ధి, ఆధునీకరణ' అని ఒక సైన్సు వ్యాసంలో చదివాను. సంపూర్ణ పీడనం ఏమిటండీ? ఆధునీకరణ, ఆధునికీకరణల్లో ఏది ఒప్పు?

సమాధానం: చిన్నది ముందు తేల్చేద్దాం. ఆధునికం కానిదాన్ని ఆధునికం చేస్తే ఆధునికీకరణ, శుద్ధం చేస్తే శుద్ధీకరణ అయినట్టే. 'క' ఎగరగొట్టిన రూపం పలకడానికి సులువు, పత్రికల్లో పాతుకుపోయింది కూడా, కానీ వ్యాకరణం ఒప్పుకోదు.

ఇక సంపూర్ణ పీడనం. ఇంగ్లీషులో 'అబ్సల్యూట్ ప్రెషర్' అంటారు, ఆ అబ్సల్యూట్‌కు నిఘంటువులో కనిపించిన మొదటి అర్థం తెచ్చి అతికించినట్టుంది! టైర్ల షాపులో గాలి 30 పెట్టమంటాం కదా, ఆ 30 (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని లెక్క) బయటి గాలి పీడనం కన్నా లోపల ఎంత ఎక్కువుందో చెప్పే అంకె. పంక్చరై చదునైపోయిన టైరుకు గేజ్ పెడితే సున్నా చూపిస్తుంది, అంతమాత్రాన లోపల గాలే లేదని కాదు, బయట ఎంత పీడనం ఉందో లోపలా అంతే ఉందని. సముద్రమట్టం దగ్గర ఆ బయటిది సుమారు 14.7, అంటే ఏమీ లేని శూన్యం నుంచి లెక్కపెడితే మన టైరులోది 44.7 దాకా ఉంటుంది. ఇలా శూన్యం నుంచి కొలిచేదే మీరు చదివిన పీడనం. ఇందులో సంపూర్ణం ఎక్కడుంది? కొండెక్కితే గాలి పీడనం తగ్గుతుంది, అప్పుడది అసంపూర్ణ పీడనమా? పరమ ఉష్ణోగ్రత అనే మాట పాఠ్యపుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది, అక్కడా లెక్క అట్టడుగు నుంచే. అదే వరసలో పరమ పీడనం అనండి.

మీరు అడగలేదు గానీ 'ప్రమాణాల అభివృద్ధి' కూడా నాకు రుచించలేదు. జీవన ప్రమాణాలు మెరుగుపడ్డట్టు వినిపిస్తుంది. పైగా 'పీడనానికి ప్రమాణం పాస్కల్' అని బడిలో చదువుకున్నాం, అది యూనిట్. ఇక్కడ ప్రమాణమంటే దేశంలోని మిగతా పీడన మాపకాలన్నిటినీ సరిచూసుకోవడానికి ఆధారమైన ఏర్పాటు, మన దేశంలో ఆ బాధ్యత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. అమెరికా జాతీయ కొలతల సంస్థ నిస్ట్‌లో ఇందుకోసం 3 మీటర్ల ఎత్తున్న పాదరసం మానోమీటర్, అంటే పాదరసం ఎంత ఎత్తుకు లేచిందో చూసి పీడనం చెప్పే పరికరం, ఉండేది. పాదరసం విషం కావడంతో, వాయువులోంచి లేజర్ కాంతిని పంపి అది ఎంత నెమ్మదించిందో చూసి పీడనం లెక్కగట్టే పద్ధతిని అక్కడివాళ్లు తయారుచేశారు. వాయువు ఎంత చిక్కగా ఉంటే కాంతి అంత నెమ్మదిస్తుంది, దానికి ఉష్ణోగ్రత కూడా తెలిస్తే పీడనం తేలిపోతుంది. ఆ లెక్కకు కావలసిన బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం (ఉష్ణోగ్రతను అణువుల శక్తితో ముడిపెట్టే అంకె) విలువను 2019లో ఖాయం చేసేశారు. ఆధునికీకరణ అన్నది ఇలాంటి పనినే.

కాబట్టి 'పరమ పీడనానికి జాతీయ కొలత ప్రమాణాల రూపకల్పన, ఆధునికీకరణ' అని రాస్తే సరిపోతుంది.