సీఎస్‌ఈ సీటు కాదని సముద్రపు గోడల చదువా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయికి ఏఐ బ్రాంచి వచ్చే ర్యాంకు ఉన్నా, సివిల్ చదివి ఓడరేవులు, తీర రక్షణ వైపు వెళ్తానని పట్టుబడుతున్నాడు. రెంటిలో ఏది మేలు? బంధువులంతా నవ్వుతున్నారు. – ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది, అసలు బాధ మాత్రం ఎప్పుడూ చివరి వాక్యంలోనే ఉంటుంది. మీ దగ్గరి ఉప్పాడలో ఇళ్లు సముద్రంలో కలిసిపోవడం, జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టం) వేసినా, బండరాళ్లు పేర్చినా కోత ఆగకపోవడం వింటూ పెరిగిన పిల్లవాడికి ఈ ఆసక్తి గాలివాటుగా పుట్టిందని మీరెలా అనుకున్నారు? బంధువులను అడిగే ముందు వాడినే కూర్చోబెట్టి అడగవలసింది.

ఇది గోడలు కట్టే పని మాత్రమే కాదు. విశాఖలో 1933లో ప్రారంభమైన లోపలి హార్బరు ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా మలిచారు; 1970లలో బయటి హార్బరుకు బ్రేక్‌వాటర్లు, అంటే అలలను ఆపే అడ్డుగోడలు, కట్టారు. అవి ఓడలకు నెమ్మదైన నీటిని ఇచ్చాయి గాని, తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు అడ్డుపడ్డాయి. అందుకే హార్బరుకు ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోసుకుపోకుండా డ్రెడ్జరుతో ఇసుక తోడి పోయవలసి వస్తోంది. ఇక ఆ గోడలో పేర్చే రాళ్ల లెక్క చూడండి: అల ఎత్తు రెట్టింపైతే, అదే వాలులో కదలకుండా నిలవవలసిన రాయి బరువు ఎనిమిది రెట్లు కావాలి. అంత పెద్ద రాళ్లు దొరకడం కష్టం గనుకనే, ఒకదానితో ఒకటి పెనవేసుకుని నిలిచే టెట్రాపాడ్ల వంటి నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు వచ్చాయి. ఈ లెక్క తెలిసినవారి అవసరం మన తీరానికి తీరేది కాదు.

ఏఐ మీద నాకు చులకన లేదు. అయితే బ్రాంచి పేర్లు మారినంత వేగంగా బోధించేవారు దొరకలేదన్న అనుమానం నాకు బలంగా ఉంది. ఇష్టం లేకుండా చేరి రెండో ఏడాదికే దిగాలుపడిన పిల్లలను చూశాను.

సివిల్ బీటెక్‌లో ఈ విషయం కొద్దిగానే ఉంటుంది కనుక మద్రాసు ఐఐటీలోనో, సూరత్‌కల్ ఎన్‌ఐటీలోనో ఎంటెక్ తప్పదనుకోండి. తర్వాత ఓడరేవులు, నిర్మాణ సంస్థలు, పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం వంటివి ఉన్నాయి. ఉద్యోగాలు సాఫ్ట్‌వేరులో ఉన్నన్ని ఉండవు, తొలి జీతమూ తక్కువే, సైటులో ఎండకు నిలబడాలి. భయపడకండి, అన్నం పెట్టని చదువు కాదిది. ఆ మొదటి రెండు మూడేళ్లు మాత్రం పక్కింటి పిల్లవాడి జీతం ప్రస్తావన మీ ఇంట్లో తేవద్దు.