స్నేహితురాలు యాప్‌లో అప్పు తీసుకుంది, నాకు బెదిరింపు ఫోన్లు వస్తున్నాయి: నేను కట్టాలా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. గతంలో నాతో పనిచేసిన స్నేహితురాలు ఫోన్ యాప్‌లో 30,000 రూపాయలు అప్పు తీసుకుంది. ఈ మధ్య వాయిదాలు ఆగిపోయాయట. అప్పటినుంచి రికవరీ వాళ్లు నాకు ఫోన్లు చేస్తున్నారు. "రిఫరెన్స్‌లో మీ పేరుంది, మీరే కట్టాలి, లేకపోతే మీ సిబిల్ పాడవుతుంది, మీ ప్రిన్సిపాల్‌కి చెబుతాం" అంటున్నారు. నిన్నయితే నా వాట్సాప్ డీపీ ఫొటో నాకే పంపి "రేపటికల్లా డబ్బు పడకపోతే ఈ ఫొటో ఎలా మారుతుందో చూడు" అని మెసేజ్ పెట్టారు. నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆ యాప్ నా ఫోన్లో ఎప్పుడూ లేదు. ఆమెను అడిగితే "యాప్ వేసుకున్నప్పుడు కాంటాక్ట్స్‌కి అనుమతి ఇచ్చాను" అంది. ఆమె అనుమతి ఇచ్చింది కాబట్టి వాళ్లు చేసేది చట్టబద్ధమేనా? ఆ డబ్బు నేను కట్టాల్సిందేనా?

జవాబు: డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం. మీరు ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు.

ఒకరి అప్పుకు మరొకరు బాధ్యులు కావాలంటే ఆ రెండో మనిషి పూచీ పడి ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్ ప్రకారం పూచీ అంటే అప్పు తీసుకున్నవారు కట్టకపోతే నేను కడతానని అప్పిచ్చినవారికి మీరు మాట ఇవ్వడం. మీ పేరు, నంబరు ఆమె ఒక ఫారంలో రాసినంత మాత్రాన మీరు ఆ మాట ఇచ్చినట్టు కాదు. రిఫరెన్స్ అనేది ఫలానా మనిషి మాకు తెలుసు అని చెప్పడానికే. మీ విషయంలో అది కూడా మిమ్మల్ని అడగకుండానే జరిగింది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, చాలామందికి తెలియదు. అదే 126వ సెక్షన్ పూచీ నోటిమాటగా కూడా ఉండవచ్చని చెబుతోంది. అందుకే ఫోన్ పెట్టేయాలన్న తొందరలో "సరేనండీ, నేను చూసుకుంటాను", "ఆమె చేత కట్టిస్తాను, కాకపోతే నేనే సర్దుతాను" లాంటి మాటలు అనకండి. అవతలివాళ్లు రికార్డు చేసుకుంటారు. ఆ ఒక్క మాటతోనే కోర్టులో మీ మీద అప్పు రుజువైపోదు గానీ, లేని తగాదా ఒకటి మొదలవుతుంది. వేధింపు ఆగుతుందని కొంత డబ్బు పంపడం మరీ ప్రమాదం. ఒకసారి ఇచ్చిన నంబరును వాళ్లు వదిలిపెట్టరు.

సిబిల్, అంటే మన అప్పుల చరిత్ర రికార్డు, పాడవుతుందన్న బెదిరింపు ఉత్తదే. అప్పు తీసుకోని, పూచీ పడని మనిషి క్రెడిట్ రిపోర్టులో ఈ బాకీ ఎక్కించే అధికారం ఎవరికీ లేదు. మనసు కుదుటపడాలంటే రిపోర్టు తీసి చూసుకోండి. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీకు తెలియని అప్పుకు మీ పేరు పూచీగా కనిపిస్తే అది మోసం. వెంటనే ఆ క్రెడిట్ బ్యూరోలో లిఖితపూర్వకంగా అభ్యంతరం పెట్టండి.

ఇక మీ అసలు సందేహం, అనుమతి గురించి. నిజానికి ఇది మీ ఒక్కరిదే కాదు. మన నంబర్లన్నీ ఎవరెవరి ఫోన్లలోనో ఉన్నాయి. వాళ్లలో ఏ ఒక్కరు ఏ యాప్‌లో "అలౌ" నొక్కినా మన వివరాలు ఒక కంపెనీ సర్వరుకు చేరిపోతాయి, మనకు కబురైనా ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీ స్నేహితురాలు ఇవ్వగలిగింది తన వివరాలకు సంబంధించిన అనుమతి మాత్రమే. మీ నంబరు విషయంలో అనుమతి ఇవ్వాల్సింది మీరు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇది నా అభిప్రాయం మాత్రమే అయితే మీకు పెద్దగా ఉపయోగం ఉండేది కాదు. రిజర్వు బ్యాంకు ఇంకా ముందుకు వెళ్లింది. 2022 సెప్టెంబరు 2న డిజిటల్ అప్పుల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో అప్పుల యాప్‌లు ఫోన్లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్ట్ లిస్టు, కాల్ వివరాల జోలికి పోకూడదని రాసింది. కెమెరా, మైకు, లొకేషన్ లాంటివి మాత్రం ఖాతా తెరిచేటప్పుడు, కేవైసీ (గుర్తింపు పరిశీలన) కోసం, స్పష్టమైన అనుమతితో ఒక్కసారి వాడుకోవచ్చు. 2025 మే 8న విడుదల చేసిన డిజిటల్ లెండింగ్ డైరెక్షన్స్‌లోనూ ఇదే నియమం ఉంది. కాబట్టి ఆమె "అలౌ" నొక్కినా కాంటాక్ట్ లిస్టు తీసుకోవడం ఆ యాప్‌కు నిషిద్ధమే. అడగడమే తప్పయిన చోట "ఆమె ఒప్పుకుంది కదా" అనే సాకు నిలవదు.

రికవరీ ఏజెంట్ల మీద 2022 ఆగస్టు 12న వచ్చిన సర్క్యులర్ మీకు ఇంకా దగ్గరగా సరిపోతుంది. బాకీదారును మాటలతో గానీ చేతలతో గానీ వేధించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, ఉదయం 8 గంటలకు ముందూ రాత్రి 7 తర్వాతా ఫోన్ చేయకూడదు అని చెప్పి అక్కడితో ఆగలేదు. బాకీదారు కుటుంబసభ్యుల, రిఫరెన్స్ ఇచ్చినవారి, స్నేహితుల గోప్యతలోకి చొరబడకూడదని పేరుపెట్టి మరీ రాసింది. ఏజెంటు చేసిన తప్పుకు అతణ్ని పెట్టుకున్న బ్యాంకో ఫైనాన్సు కంపెనీయో జవాబు చెప్పాలి. "అది మా ఏజెన్సీ వాళ్ల పని, మాకు సంబంధం లేదు" అంటే చెల్లదు.

ఈ నియమాలు ఊరికే రాలేదు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేసే నాటికే, వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక వర్కింగ్ గ్రూపు వేసింది. మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరుకుతున్న అప్పుల యాప్‌లు సుమారు 1,100 ఉంటే వాటిలో 600 దాకా అక్రమమైనవేనని అది తేల్చింది. పూర్వం అప్పుకు బంగారమో పొలం కాగితమో తాకట్టు ఉండేది. ఈ కంపెనీలు కాంటాక్ట్ లిస్టును తాకట్టుగా పట్టుకుని, చుట్టాల ముందు, తోటి ఉద్యోగుల ముందు పోయే పరువును వసూలు సాధనం చేసుకున్నాయి. మీ ఫోన్ మోగడానికి కారణం ఇదే. పొరపాటున మీకు రాంగ్ నంబర్ తగల్లేదు.

గూగుల్ తన ప్లే స్టోర్‌లోని అప్పుల యాప్‌లు కాంటాక్టులూ ఫొటోలూ చూడకూడదని 2023 మే 31 నుంచి నియమం పెట్టింది. మంచిదే. కానీ అంతకుముందు అన్నేళ్లు ఆ యాప్‌లు అదే దుకాణంలో, అదే అనుమతులు అడుగుతూ ఉన్నాయి. కోట్లమంది గోప్యత ఒక ప్రైవేటు కంపెనీ తన పాలసీ ఎప్పుడు మార్చుకుంటుందా అన్నదాని మీద ఆధారపడటం నాకు చాలా ఆందోళన కలిగిస్తుంది. పైగా ఇప్పుడు వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో లింకు పంపి, ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్లోకి ఎక్కే ఏపీకే ఫైలుగా యాప్ వేయిస్తున్నారు. మీ స్నేహితురాలు యాప్‌ను ఎక్కడినుంచి వేసుకుందో తప్పకుండా కనుక్కోండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి మీరు వినే ఉంటారు. దాని 6వ సెక్షన్‌లో అనుమతికి ఇచ్చిన ఉదాహరణ మీ సమస్యకు బాగా దగ్గర. ఫోన్లో డాక్టరును సంప్రదించే యాప్ ఒకటి వైద్యసేవ కోసం వివరాలతో పాటు కాంటాక్ట్ లిస్టుకూ అనుమతి అడిగిందట. వినియోగదారు రెండింటికీ ఒప్పుకుందట. అయినా వైద్యసేవకు కాంటాక్ట్ లిస్టు అవసరం లేదు కాబట్టి ఆమె అనుమతి వైద్యసేవ వరకే చెల్లుతుందని చట్టమే చెబుతోంది. అప్పుల యాప్‌కూ ఇదే తర్కం వర్తించాలి. మీ నంబరు తన ఫోన్లో దాచుకున్నందుకు మీ స్నేహితురాలి తప్పేమీ లేదు. సొంత అవసరాలకు దాచుకునే వివరాలకు ఈ చట్టం వర్తించదు. ఎగవేతదారుల ఆర్థిక వివరాలు ఆరా తీయడానికి ఆర్థిక సంస్థలకు 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. కంపెనీ లాయరు దాన్ని చూపిస్తే భయపడకండి. అది బాకీ పడినవారి ఆస్తి, అప్పుల లెక్క తెలుసుకోవడానికి మాత్రమే. ఆమె స్నేహితులను బెదిరించడానికి అందులో చోటు లేదు.

అయితే ఈ చట్టం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. నియమాలు 2025 నవంబరులో గానీ రాలేదు. కంపెనీల బాధ్యతలకు సంబంధించిన ముఖ్యమైన సెక్షన్ల అమలుకు అప్పుడు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే దాకా. అమల్లోకి వచ్చాక జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చు గానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది. బాధపడిన మనిషికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఇందులో లేదు. ఐటీ చట్టంలో పరిహారానికి ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా ఈ చట్టమే తొలగిస్తోంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పిన దేశంలో, ఆ హక్కు పోగొట్టుకున్నవారికి దక్కేది ఏమీ లేకుండా చట్టం రాయడం అన్యాయం అని నేను నమ్ముతున్నాను.

మీకు ఈరోజు పనికొచ్చేది క్రిమినల్ చట్టం. డబ్బు కట్టకపోతే ఫొటో మారుస్తామన్న మెసేజ్, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కిందికి, అంటే బలవంతపు వసూలు కిందికి వస్తుంది. మీరు డబ్బు ఇవ్వకపోయినా, వసూలు కోసం భయపెట్టడమే 308(3) కింద నేరం. మేజిస్ట్రేటు ఉత్తర్వు కోసం ఆగకుండా పోలీసులు దర్యాప్తు చేయగల నేరం ఇది. "ఇది డబ్బుల వ్యవహారం, సివిల్ కోర్టుకు వెళ్లండి" అని స్టేషన్లో అంటే ఈ సెక్షన్ చెప్పండి. బెదిరింపుకు అదే సంహితలో 351వ సెక్షన్ కూడా ఉంది. ఎవరో తెలియకుండా బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఒకవేళ ఫొటోను నిజంగానే అశ్లీలంగా మార్చి పంపితే ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్లు తోడవుతాయి. మార్ఫింగ్ చేసిన అలాంటి ఫొటో ఏ సోషల్ మీడియాలో కనిపించినా మీరే నేరుగా ఆ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. 2021 ఐటీ నియమాలు దాన్ని తొలగించడానికి మొదట పెట్టిన గడువు 24 గంటలు, 2026 ఫిబ్రవరి 20 నుంచి దాన్ని 2 గంటలకు తగ్గించారు.

ఫిర్యాదుకు ముందు కోపంతో ఏదీ చెరిపేయకండి. మెసేజ్‌లు, కాల్ జాబితా, ఆ నంబర్లు, వాళ్లు పంపిన ఫొటో అన్నీ ఉంచండి. స్క్రీన్‌షాట్ తీస్తే నంబరు, తేదీ, సమయం కనిపించాలి. మెసేజ్‌లు వచ్చిన ఫోన్‌ను కేసు తేలేదాకా అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి, దానికి అసలు ఫోన్ ఉంటే పని తేలిక. డీపీని కాంటాక్టులకు మాత్రమే కనిపించేలా మార్చుకోండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, దాని నంబరుతో మీ స్టేషన్‌కు వెళ్లండి. బెదిరించినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సమాచారం తీసుకోవాల్సిందేనని, పోలీసు దర్యాప్తు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. తీసుకోకపోతే అదే విషయాన్ని పోలీసు కమిషనరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

రిజర్వు బ్యాంకు దగ్గర ఫిర్యాదు మాత్రం మీ స్నేహితురాలి చేత చేయించండి. కంపెనీకి ఖాతాదారు ఆమె. అప్పు మంజూరు కాగితంలో అసలు అప్పిచ్చిన బ్యాంకు లేదా ఫైనాన్సు కంపెనీ పేరు ఉండాలి. ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఆమె రాయాలి: కాంటాక్టులకు ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటున్నాను, తీసుకున్న వివరాలు చెరిపేయండి, నా స్నేహితులకు ఫోన్లు ఆపండి అని. అనుమతి వెనక్కి తీసుకునే, డేటా చెరిపించే హక్కు రిజర్వు బ్యాంకు నియమాల్లోనే ఉంది. యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే సరిపోదు, అప్పటికే సర్వరుకు వెళ్లినది అక్కడే ఉంటుంది. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే, ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సంస్థ పేరే దొరకకపోతే, లేదా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో ఉంచిన యాప్‌ల జాబితాలో ఆ యాప్ లేకపోతే, రిజర్వు బ్యాంకుదే అయిన సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఆమె బాకీ ఆమె తీర్చుకోవాల్సిందే. కానీ వాయిదా కట్టలేకపోవడం నేరం కాదని, అందుకు అరెస్టు చేయరని ఆమెకూ ధైర్యం చెప్పండి. ఇలాంటి సమయంలో ఆమెను ఒంటరిగా వదలకండి.

మీ ప్రిన్సిపాల్‌కు వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకండి. ఫిర్యాదు ఇచ్చిన రోజే రసీదు కాపీ ఒకటి ఆయన చేతిలో పెట్టి, జరిగింది మీ నోటితో చెప్పండి.