‘అండి’ అనకముందే ఆగు

విశాఖపట్నం

తమ్ముడూ,

నువ్వు పంపిన నీ స్టాండప్ కామెడీ వీడియో మూడుసార్లు చూశాను. రెండోసారి కళ్లు మూసుకుని విన్నాను. ముందు నీ టెన్షన్ తీరుస్తా. ఆ రాత్రి జోకులు పేలకపోవడం పూర్తిగా నీ తప్పు కాదు. సిరిపురం కెఫేలో పద్నాలుగు మంది ఉంటే, అందులో తొమ్మిది మంది తమ వంతు కోసం కూర్చున్న కమెడియన్లే. వాళ్లు నవ్వరు. నీ జోక్ వింటూ తమ జోక్ నెమరేసుకుంటారు. పైగా నీ వెనక ఆ కాఫీ మెషిన్ గోల ఒకటి.

కానీ స్టీల్ ప్లాంట్ జోక్ గురించి మాట్లాడాలి. నువ్వు చెప్పింది ఇలా ఉంది: “మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారండి, అయినా ఇంట్లో అన్నీ షిఫ్టుల ప్రకారమే జరగాలంటారండి, ఆ మూడు షిఫ్టులూ చేసేది మాత్రం మా అమ్మేనండి, పాపం.”

సరుకు బంగారం. ప్లాంట్ పక్కన గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో పెరిగినవాడికి తప్ప తట్టదు. అయినా హాల్లో ఇద్దరే నవ్వారు. ఎందుకంటావ్?

“అమ్మ” అన్న మాట దగ్గర నవ్వు పుట్టింది. వాళ్లు నోరు తెరిచేలోపే నువ్వు “నండి, పాపం” అంటూ దాని మీద కాలేశావు. ఇంగ్లీషు స్టాండప్ షోలు చూసి నేర్చుకునే మనవాళ్లందరికీ ఇదే చిక్కు. ఆ భాషలో పేలాల్సిన మాటని వాక్యం చివరికి నెట్టడం తేలిక. మనకేమో చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. అసలు మాట అయిపోయాక “ఉన్నాడండి”, “చేశాడండి” అని తోక. అయితే తెలుగులో క్రియ లేకుండా కూడా వాక్యం దర్జాగా నిలబడుతుంది. “మాది విశాఖ” అంటాం, ఇంకేం అక్కర్లేదు. దాన్ని వాడుకో. ప్లాంట్‌లో పొద్దున్నది ఎ షిఫ్టు, మధ్యాహ్నానిది బి, రాత్రిది సి, ఆఫీసు వేళలది జనరల్ కదా, ఇలా చెప్పు:

“నాన్న రిటైరయ్యారు. ఇల్లు మాత్రం ఇంకా షిఫ్టుల్లోనే. ఆయనది జనరల్ షిఫ్టు. నాది సి షిఫ్టు. అమ్మది... ఎ, బి, సి.”

అంతే, ఆగు. నీళ్లు తాగు, మైకు స్టాండు పక్కకి జరుపు, ఏదో ఒకటి చెయ్యి, మాట్లాడకు. రెండు సెకన్లు. మొదట్లో ఆ రెండు సెకన్లు గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో నిలబడి వచ్చినట్టుంటాయి. “పాపం” అసలే వద్దు. జాలి నువ్వే పడిపోతే ఇంక వాళ్లకి పనేముంది?

యాస సంగతి. “ఏటి సేత్తన్నావ్” అనగానే నీకు ఆ రాత్రి పెద్ద నవ్వే వచ్చింది. నాకు నచ్చలేదు. మన యాసని సినిమా ఎన్నో ఏళ్లుగా పిండుతూనే ఉంది, నువ్వూ ఓ చెయ్యి వెయ్యక్కర్లేదు. అదే మీ మామ్మ ముచ్చట చూడు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగులుతుంటే ఆవిడ మంచం మీంచి అడిగింది: “మేడమీద బట్టలు తీసీసారేటి?” ఇది గుంటూరు మాటలో చెప్పినా నవ్వొస్తుంది. యాస తీసేసినా నిలబడుతుందా లేదా చూసుకో. నిలబడితే అప్పుడు నిశ్చింతగా మీ మామ్మ మాటలోనే చెప్పు.

ఈ కళ మనకి కొత్త అని రాశావు. కొత్తది పేరే. పక్కనే విజయనగరంలో హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్లకి గజ్జెలు కట్టి, చిరతలు పట్టి, ఒక్కరే నిలబడి సభల్ని ఊపేశారు. బుర్రకథలో ముగ్గురుంటే ఒకరి డ్యూటీ హాస్యమే. హరిదాసు జనం కునుకుతున్నారని కనిపెట్టి పిట్టకథ అందుకుంటాడు. అంటే మొహాలు చూస్తున్నాడన్నమాట. నువ్వు ఐదు నిమిషాలూ వెనక గోడనే చూశావు.

డబ్బు గురించి అడిగావు కాబట్టి నా కథ ఒకటి. మొదటి కార్పొరేట్ షో, ఓ కంపెనీ వార్షికోత్సవం. నేను మైకు పట్టుకున్న నిమిషానికే బఫే తెరిచారు. మూడు వందల వీపులకి ఇరవై నిమిషాలు జోకులు చెప్పాను. బిర్యానీ దగ్గర ఒకాయన చెయ్యెత్తి ఊపితే నాకేనని మురిసిపోయా. పెరుగు చట్నీ అడుగుతున్నాడు. డబ్బులు నాలుగు నెలలకి వచ్చాయి. నిన్నెవరైనా పిలిస్తే భోజనాలు ముందా తర్వాతా అని అడుగు. సగం అడ్వాన్సు తీసుకో. మొహమాటపడితే తర్వాత నీకే నష్టం.

ఉద్యోగం మానెయ్యనా అంటే, మానకు. హిందీ సినిమాల కమెడియన్ జానీ లీవర్ తెలుగాయనే, అసలు పేరు జాన్ ప్రకాశరావు. బొంబాయి వీధుల్లో సినిమా తారల్ని అనుకరిస్తూ పెన్నులు అమ్మాడు. హిందుస్థాన్ లీవర్‌లో పనికి చేరి, కంపెనీ ఫంక్షన్‌లో పై అధికారుల్ని అనుకరిస్తే తోటి కార్మికులే ఆ పేరు తగిలించారు. అలాంటివాడు కూడా షోల మీద బాగా సంపాదిస్తున్నాకే, 1981లో ఆ ఉద్యోగం వదిలాడు. నీకు షోల మీద ఇప్పటిదాకా వచ్చింది ఒక ఫిల్టర్ కాఫీ.

శుక్రవారం రుషికొండలో ఆఫీసు అవ్వగానే తిన్నగా సిరిపురం రా. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి జేబులో పెట్టుకో, రాత్రికి అది వినాలి, ఎంత సిగ్గుగా ఉన్నా సరే. షిఫ్టులతోనే మొదలుపెట్టు. లైట్ ఇచ్చేది నేనే. నాలుగో నిమిషంలో టార్చ్ ఊపితే ముగించి దిగిపో. నాన్నగారిని కూడా తీసుకురా, ముందు వరసలో కూర్చోబెడదాం. అమ్మగారు రాలేరులే. ఆ టైముకి ఆవిడది బి షిఫ్టు.

అన్నయ్య