రూట్ కెనాల్‌లో ఫైలుతో (పంటి వేరులోని కాలువను గీకే సన్నని పనిముట్టుతో) శుభ్రం చేశాక మళ్లీ మందుతో ఎందుకు కడుగుతారు?

ఫైలును ఎంత నేర్పుగా తిప్పినా కాలువ గోడల్లో కొంత భాగాన్ని అది తాకనే తాకదు. పంటి వేరు లోపల పక్కకు చీలే సన్నని పాయలు, రెండు కాలువలను కలిపే ఇరుకు సందులు ఉంటాయి. సూక్ష్మజీవులు దాక్కునేది అక్కడే. అందుకే అసలు భారం సోడియం హైపోక్లోరైట్‌దే. 0.5 నుంచి 6 శాతం గాఢతలో వాడే ఈ ద్రావణం క్రిములను చంపడంతో పాటు కుళ్లిన కణజాలాన్నీ కరిగిస్తుంది. ఫైలు గీకినప్పుడు రాలి గోడలకు అంటుకున్న సన్నటి పొడి పూతను తీయడానికి మాత్రం 17 శాతం ఈడీటీఏ అనే రసాయన ద్రావణం కావాలి.

రబ్బర్ డ్యామ్ (లాలాజలం తగలకుండా పంటి చుట్టూ బిగించే రబ్బరు పొర) లేకుండా ఈ పని చేయకూడదనే నేను గట్టిగా చెబుతాను. లాలాజలం లోపలికి చేరితే కడిగిందంతా వృథా. ద్రావణాన్ని లోపలికి పంపే సూది కాలువలో బిగుసుకోకూడదు. ద్రావణం వేరు కొస దాటితే తీవ్రమైన నొప్పి, వాపు వస్తాయి. చికిత్స ఒక్క విడతలో పూర్తికాకపోతే మధ్యలో కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి తాత్కాలికంగా మూస్తారు.