నాలుగు వాక్యాల తీర్పు రాసేటప్పుడు

తమ్ముడూ,

నువ్వు పంపిన గేమ్ రివ్యూలన్నీ చదివాను. "గ్రాఫిక్స్ అదుర్స్, కథ పర్వాలేదు, కంట్రోల్స్ బాగున్నాయి." పేరు తీసేస్తే ఏది ఏ గేము గురించో నువ్వైనా చెప్పగలవా? చోటు తక్కువ కదా అని అన్నిటికీ తలా కాస్త పంచావు. చోటు తక్కువైనప్పుడే ఒక్కదాన్ని గట్టిగా పట్టుకోవాలి.

సెలెస్ట్ (2018) గురించి "కష్టమైనా సరదాగా ఉంది" అన్నావు. కష్టమైన గేములు బోలెడు. ఇది ఎందుకు విసిగించదో చూడు. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా రెప్పపాటు సేపు జంప్ బటన్‌ని ఒప్పుకుంటుంది. చచ్చిపోతే క్షణంలో అదే గదిలో మళ్లీ నిలబెడుతుంది. ఆ రెండు ముక్కలూ రాస్తే గేము ముట్టుకోనివాడికి కూడా విషయం వేళ్లకు తెలుస్తుంది. డార్క్ సోల్స్ (2011) కూడా అంతే. బాన్‌ఫైర్ (దారిలో ఆగి సేదతీరే మంట) దగ్గర కూర్చుంటే ప్రాణం నిండుతుంది, నువ్వు చంపినవాళ్లూ లేచి కూర్చుంటారు. ఆ బేరం చెప్పాక "చాలా టఫ్" అనక్కర్లేదు.

జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో కత్తులు విరిగిపోతున్నాయని మార్కులు కోశావు. విరగకపోతే దొరికిన మొదటి మంచి కత్తితోనే ఆట మొత్తం లాగించేస్తావు. గుట్ట మీంచి శత్రువుల మీదికి బండరాయి దొర్లిద్దామన్న ఆలోచనే రాదు. ఇంత తెలిశాక కూడా నచ్చలేదంటే నిక్షేపంగా రాయి, నేను కాదనను. (నాకూ ఆ వానలో కొండ ఎక్కి జారిపడటం ఇప్పటికీ చిరాకే.)

ఏ యంత్రం మీద, ఏ అప్‌డేట్ తర్వాత ఆడావో తప్పకుండా చెప్పు. సైబర్‌పంక్ 2077 డిసెంబర్ 2020లో వచ్చింది. ప్లేస్టేషన్‌లో సరిగ్గా నడవట్లేదని గోల కావడంతో ఆ నెలలోనే సోనీ దాన్ని తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. 2023లో 2.0 అప్‌డేట్ స్కిల్స్, పోలీసుల వ్యవహారం మార్చేసింది. తేదీ లేకపోతే నీ తీర్పు వీటిలో దేనికి వర్తిస్తుందో చదివేవాడికెలా తెలుస్తుంది?

గంటలు లెక్కపెట్టి విలువ కట్టకు. పోర్టల్ (2007) కొన్ని గంటల్లో అయిపోతుంది, అందులో దండగ గది ఒక్కటి లేదు. సగంలో వదిలేస్తే ఎక్కడ వదిలావో చెప్పు, సిగ్గేం లేదు. పదికి ఎన్ని అన్నది ఆఖరున వెయ్యి. ముందే వేస్తే రాసేదంతా ఆ అంకెకు సాకులు వెతకడమే అవుతుంది.

ప్రస్తుతానికి సెలెస్ట్‌దీ జెల్డాదీ తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

ఇట్లు,
అన్నయ్య