జీతం నాది, కార్డు ఆయన దగ్గర

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఒక పాప. మా ఆయన చెయ్యి చేసుకోడు. కానీ నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది, నా ఫోన్ రోజూ చూస్తాడు. పాప ముందే ‘నీకేం తెలుసు, పిచ్చిదానా’ అంటాడు. బయటికొచ్చేయాలనుంది. కూరగాయలు కొనాలన్నా భయపడేదాన్ని, ఒంటరిగా బతకగలనా? కొట్టలేదు కదా, కేసు నిలుస్తుందా? – ఒక సోదరి, గుంటూరు

జవాబు: నిలుస్తుందమ్మా. 2005 గృహహింస చట్టం ప్రకారం తిట్టి అవమానించడం, మీ డబ్బు మీకు అందనివ్వకపోవడం కూడా హింసే. ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పాప తాత్కాలిక కస్టడీ అన్నీ ఒకే అర్జీలో అడగొచ్చు. తీర్పు ఆలస్యం కావచ్చు కాబట్టి మధ్యంతర ఉత్తర్వు కూడా అందులోనే కోరండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100.

అయితే కోర్టు కంటే ముందు డబ్బు సంగతి చూసుకోండి. వేరే బ్యాంకులో ఖాతా తెరవండి. ఆధార్ ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్లే అవకాశముంటే ఓటరు కార్డు, పాన్ ఇచ్చి తెరవండి. ఆయన చేతిలో లేని నంబరే ఇవ్వండి. కార్డు, చెక్‌బుక్ ఇంటికి పోస్టులో రాకుండా బ్రాంచిలోనే తీసుకుంటానని చెప్పండి. చాలామంది దొరికిపోయేది ఈ కవరు దగ్గరే. జీతం కొత్త ఖాతాకు మార్చడం మాత్రం ఇల్లు వదిలే నెలలోనే. ముందే మారిస్తే ఒకటో తారీఖున తెలిసిపోతుంది. పాప జనన ధ్రువపత్రం, మీ సర్టిఫికెట్లు, బంగారం రసీదులు ఒక్కొక్కటిగా నమ్మకమైన చోటికి చేర్చండి. ఫోన్ పాస్‌వర్డులు, వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాలు, మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ బయటపడ్డాకే మార్చండి. ‘వెళ్లిపోతున్నా’ అని గొడవలో నోరు జారొద్దు. ప్రమాదం పెరిగేది అప్పుడే. బెదిరిస్తే పోలీసు సాయానికి 112, సలహాకి మహిళా హెల్ప్‌లైన్ 181.

ఇక భయం. తరగతిలో అంతమంది పిల్లల్ని నడిపిస్తున్నారు, ప్రశ్నపత్రాలు తయారుచేస్తున్నారు. అక్కడ లేని భయం కూరగాయల బండి దగ్గరే ఎందుకు? తెచ్చిన ప్రతి వంకాయకూ తొమ్మిదేళ్లుగా ఇంట్లో వంక పెట్టారు గనుక. ధైర్యం వచ్చాక చేద్దామని ఆగితే అది రాదు. రోజుకొకటి, ఎవర్నీ అడక్కుండా నిర్ణయించుకోండి. యాభై రూపాయల విషయమైనా సరే. స్టాఫ్ రూమ్ సొరుగులో ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎడమవైపు ఏం నిర్ణయించారో, కుడివైపు ఏమైందో రాయండి. కొన్ని తప్పుతాయి, అవీ రాయండి. నెల తర్వాత కుడివైపు మాత్రమే చదవండి.

బయటికొచ్చాక ఏడుస్తూ ఫోన్ చేస్తాడు, పెద్దమనుషుల్ని పంపుతాడు. అప్పుడే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. మాటలన్నీ మెసేజ్‌లోనే, పాప గురించే ఉండనివ్వండి. నిజంగా మారానంటే ముందు మీ కార్డు, నగలు తిరిగిచ్చేయమనండి. దానికి ఏమంటాడో చూడండి. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఆలోచించకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.