ఎవరి చేతిలో పగిలింది?

హనుమకొండ

బిడ్డా,

నీ వ్యాసం ప్రింటు తీయించుకుని చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే 'అద్భుతం' నాలుగుసార్లు వచ్చేసరికి మడిచి పక్కన పెట్టాను. రాత్రి కరెంటు పోయి నిద్ర పట్టక, ఫోను వెలుగులో చివరిదాకా చదివాను. అందుకే ఈ ఉత్తరం.

చైనాలోని తియాన్‌జిన్‌లో డాక్టరు చదువుతూ సెలవు రోజున ఆ పింగాణీ ఇల్లు చూడబోయావు. పాత ఫ్రెంచి తరహా భవనాన్ని జాంగ్ లియన్‌జీ అనే ఆయన కొని, గోడల నిండా పాతకాలపు పింగాణీ పాత్రలూ పెంకులూ అతికించి 2007లో జనానికి తెరిచాడని రాశావు. బాగుంది. ఆ తర్వాత టికెట్టు ధర, పాత్రల లెక్క, పెంకుల లెక్క! లెక్కలు అక్కడి బోర్డు మీద ఉండనే ఉంటాయి కదమ్మా, మళ్లీ నువ్వెందుకు?

నాకొక పిచ్చి ఉంది. పగిలిన వస్తువు కనిపిస్తే అది ఎవరి చేతిలో పగిలిందో అడగనిదే ఒక్క వాక్యం రాయలేను. ఆ గోడలో ఏ పెంకు వెనకైనా ఒక వంటిల్లుంటుంది. వడ్డించబోయి జారవిడిచిన కోడలుంటుంది, తిట్టిన అత్త ఉంటుంది. కోట్ల ముక్కలన్నావు గానీ ఒక్క ముక్క ముందు ఆగలేదు.

ఆగావులే, అబద్ధమెందుకు. 'ఒక గిన్నె అడుగున సన్నటి గీతలు. ఎన్నేళ్లు తిన్నారో' అన్నావు. ఆ తర్వాత నాకు నిద్ర పడితే ఒట్టు. నువ్వేమో వెంటనే 'ఇక రెండో అంతస్తు' అని మెట్లెక్కేశావు! ప్రహరీ నిండా కూజాలే ఉన్నాయనీ, చీనా భాషలో కూజాకూ శాంతికీ 'పింగ్' అనే ఒకే పలుకనీ బ్రాకెట్లో పెట్టావు. అంత మంచి సంగతిని ఎవరైనా బ్రాకెట్లో దాస్తారా?

మా ఇంట్లో తొక్కు జాడీ ఉండేది, కింద తెలుపు, పైన గోధుమరంగు. పదేళ్లప్పుడు నేనే పగలగొట్టాను. అమ్మ కొట్టలేదు. నేలపాలైన తొక్కు ముందు కూర్చుని ఏడ్చింది. ఆ యేడు మళ్లీ మామిడికాయలు కొనే పైసల్లేవు. మిగిలిన అడుగు చెక్కలో కోళ్లకు నీళ్లు పోసేది.

చాన్నాళ్లకు దాన్ని కథ చేసి హైదరాబాద్‌లో ఒక వారపత్రికకిస్తే, ఎడిటరు 'తొక్కు' అన్నచోటల్లా కొట్టేసి 'ఊరగాయ' అని వేశాడు. అదేమని అడగబోతే 'అందరికీ అర్థం కావద్దా?' అన్నాడు. అక్కణ్నుంచి నడుచుకుంటూ, మొహర్రంలో పీర్లు నిలిపే బాద్‌షాహీ అషుర్‌ఖానాకు పోయాను. కుతుబ్‌షాహీల కాలపు రంగు పలకల గోడలవి. 1908 మూసీ వరదకు కింది పలకలు దెబ్బతింటే, ఊడినచోట అవే పువ్వులు రంగులతో దిద్దారు. దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి పోతే మెరుపు లేదు. నా కథ గతీ ఇంతేనని అక్కడే చాలాసేపు కూర్చున్నాను. ఆ ఎడిటరు పోయి ఏళ్లయింది, నా కోపం మాత్రం పోలేదు.

నువ్వు జాడీని 'పురాతన మృణ్మయ పాత్ర' అంటున్నావు. నీకు కొట్టేసే ఎడిటరు కూడా లేడు, నీ మాటలు నువ్వే కొట్టేసుకుంటున్నావు!

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరితో రాయించాలి అని అడిగావు. నువ్వు సెలవులకు కాజీపేటలో దిగినప్పుడు మాట్లాడుకుందాం. ముందు ఆ గిన్నె దగ్గరికి ఇంకోసారి పో. టికెట్టు పైసలు నేను పంపిస్తాను.